తొగరిహాళు ఫీడరు

తొగరిహాళుకు కరెంటు తెచ్చే ఫీడరు ట్రిప్పయిందంటే సబ్‌స్టేషన్‌లో వీరేష్ ఫోను మోగడానికి రెండు నిమిషాలు పట్టేది కాదు. ఎత్తకముందే ఎవరో అతనికి తెలుసు. వెంకటేశ్వరమ్మ.

"వీరేషా, కరెంటు పోయినాది. ఎంతసేపప్పా?"

అంతే అడిగేది. ఎందుకు పోయింది, యాడ తెగింది అని ఎన్నడూ అడగలేదు. ఆమెకు కావలసింది ఎంతసేపు అన్నదొక్కటే. ఆమె మొగుడు గిడ్డయ్య ప్రాణం ఆ జవాబు మీద నిలిచి ఉండేది.

గిడ్డయ్య కడప దిక్కున బండల పాలిష్ యూనిట్లలో పంతొమ్మిదేళ్ళు పనిచేశాడు. వానలు మొండికేసిన ఒక ఏడు ఆలూరు పక్క మెట్టచేను వదిలి వలసపోయినవాడు, నలభై ఎనిమిదేళ్ళ వయసుకు ఊపిరితిత్తుల నిండా రాతిదుమ్ము నింపుకొని తిరిగొచ్చాడు. పది అడుగులు వేస్తే ఆయాసం. వాకిట్లోంచి మంచం దాకా రావడానికి రెండుసార్లు గోడ పట్టుకొని నిలబడేవాడు. కర్నూలు డాక్టర్లు ఇక నయమయ్యే జబ్బు కాదని చెప్పి, ఇంట్లో ఆక్సిజన్ మిషను పెట్టుకోమన్నారు. గాలిని వడగట్టి సన్నటి గొట్టంలోంచి ముక్కుకు అందించే పెట్టె అది. కరెంటు ఉన్నంతసేపూ గుర్రుమంటూ నడిచేది. పోతే ఆగిపోయేది.

ఆగినప్పటి కోసం చిన్న సిలిండరొకటి ఉండేది. నిండుగా ఉంటే గంటన్నర వస్తుంది. అందుకే వెంకటేశ్వరమ్మ ఫోను చేసేది. అరగంటే అంటే సిలిండరు సన్నగా తిప్పి మొగుడి పక్కన కూర్చునేది. గంటకు పైన పడుతుందంటే ఆటో పిలిచి, ఆయన్ను ఎక్కించి, సిలిండరు ఒళ్ళో పెట్టుకొని ఆలూరు ఆసుపత్రికి పోయేది. పద్దెనిమిది కిలోమీటర్లు. గుంతల దారి.

వీరేష్‌దీ అదే ఊరు. వరసకు ఆమెకు తమ్ముడు. ఊరికి ఏడు కిలోమీటర్ల దూరంలో, ఆలూరు దారి పక్కనే ఉన్న సబ్‌స్టేషన్‌లో పద్నాలుగేళ్ళుగా కాంట్రాక్టు ఆపరేటరు. ఏ ఫీడరు ఎప్పుడు ఆగింది, ఎప్పుడు వచ్చింది, ఎందుకు ఆగింది అన్నది లాగ్‌బుక్కులో రాయడం, ఏఈ, అంటే అసిస్టెంట్ ఇంజినీరు, చెప్పినప్పుడు బ్రేకరు వేసి కరెంటు ఇవ్వడం, తీసి ఆపడం అతని పని. రాత ముత్యాలు పేర్చినట్టు ఉండేది. పక్క సబ్‌స్టేషన్ల వాళ్ళు కూడా నెలాఖరు పట్టికలు అతని చేతే రాయించుకునేవాళ్ళు.

ఆ రాత చూసే ఏఈ భూపేష్ అతన్ని ఎంచుకున్నాడు.

ఆ ఏడాది జూన్‌లో కొత్త చట్టం అమల్లోకి వచ్చింది. ప్రతి ఫీడరూ నెలలో ఎన్ని గంటలు ఆగిందో పైకి లెక్క చెప్పాలి. ఏడాది సగటున నెలకు పది గంటలు దాటిన ఫీడర్లను బలహీనమైనవని ఒక జాబితాలో ఎక్కించాలి. జాబితాకెక్కిన ఊళ్ళకు ఇంకో దిక్కు నుంచి రెండో లైను వేయాలి, ఒకటి తెగితే ఇంకొకటి ఆదుకునేట్టు. ఏటా జనం ముందు విచారణ పెట్టి ఆ లెక్కలు చదివి వినిపించాలి. ఒక్క మినహాయింపు ఉంది. ముందుగా ఊళ్ళో చాటింపు వేసి, మరమ్మతు కోసం ఆపిన గంటలు లెక్కలోకి రావు.

తొగరిహాళు లైను ఇరవై రెండు కిలోమీటర్లు. తీగ పాతది. గాలి గట్టిగా వీస్తే తీగలు ఒకదానికొకటి తగులుకునేవి. ఎండలు ముదిరితే స్తంభాల మీద తీగను మోసే పింగాణీ పగిలేది. మొదటి నెల వీరేష్ ఉన్నదున్నట్టు కూడితే ముప్పై నాలుగు గంటలు తేలింది.

మరుసటి రోజు పొద్దున్నే భూపేష్ జీపులో వచ్చాడు. ముప్పై రెండేళ్ళ మనిషి, కడపవాడు. ఎవరినీ గదమాయించే రకం కాదు. కాగితం బల్లమీద పెట్టి, కుర్చీలో కూలబడి, రెండు చేతులతో మొహం తుడుచుకున్నాడు.

"వీరేషప్పా, ఇది ఇట్లనే పైకి పంపిస్తే ఏమైతాదో తెలుసునా? లైను రాదు. నాకు మెమో వస్తాది."

"చట్టంలో లైను వేయాలనే కదా సార్ ఉండేది?"

"చట్టంలో శానా ఉంటాయి. నా పైన డీఈ సారు నిన్న మీటింగులోనే చెప్పినాడు, జిల్లాలో ఏ సెక్షనూ పది దాటకూడదని. అందరూ తొమ్మిది, ఎనిమిది అని పంపుతాంటే నేనొక్కణ్ణి ముప్పై నాలుగు పంపితే, నీ లైను చెడిపోయినాదని అనరు. నీకు పనిచేసేకి రాదు అంటారు."

"మరి ఏం రాయమంటారు?"

"బ్రేక్‌డౌన్ అని ఉండేచోట మరమ్మతు అని రాయి. ఎల్‌సీ నంబర్లు నేనిస్తా."

ఎల్‌సీ అంటే లైను మీద పని చేసుకోవడానికి కరెంటు ఆపించే అనుమతి. పని జరగని రోజులకు అనుమతులు పుట్టించడం కష్టమేమీ కాదు. రిజిస్టరు ఉంది, నంబర్లు ఉన్నాయి, మంచి రాత ఉంది. వీరేష్ కొత్త లాగ్‌బుక్కు తెరిచి జూన్ నెల మొత్తం మళ్ళీ రాశాడు. ఏటేటా ఏఈ సంతకం పెడితేగాని అతని కాంట్రాక్టు పొడిగించరు. ఆ సంగతి భూపేష్ ఎత్తలేదు, వీరేషూ ఎత్తలేదు. ఇద్దరికీ తెలుసు.

రాస్తున్నప్పుడు వీరేష్ తనకు తాను చెప్పుకున్న మాట ఒకటే. కాగితమే కదా. కాగితంలో ఏం రాస్తేనేం, కరెంటు పోయేది పోతుంది, వచ్చేది వస్తుంది. అట్లా పదకొండు నెలలు రాశాడు.

మే నెల పద్నాలుగున, పగలు పదకొండూ నలభైకి తొగరిహాళు ఫీడరు ట్రిప్పయింది. వీరేష్ బ్రేకరు మళ్ళీ వేశాడు, నిలవలేదు. ఇంకోసారి వేశాడు, పెద్ద చప్పుడుతో పడిపోయింది. లైనులో ఎక్కడో గట్టి దెబ్బే తగిలింది. లైన్‌మన్ శివన్నకు ఫోను చేశాడు, ఆయన బండేసుకొని స్తంభాల వెంట బయలుదేరాడు. భూపేష్‌కు ఫోను చేశాడు.

"అరగంటలో అయిపోతాదిలే, అట్లనే చెప్పు అడిగినోళ్ళకు," అన్నాడు భూపేష్. అతను ఆ వేళకు ఆదోనిలో ఏదో మీటింగులో ఉన్నాడు.

ఆ మాట చెవిలో ఉండగానే వెంకటేశ్వరమ్మ ఫోను వచ్చింది.

"అరగంటలో వస్తాదక్కా," అన్నాడు వీరేష్.

పన్నెండూ ఇరవైకి మళ్ళీ చేసింది. శివన్న దగ్గర్నుంచి అప్పటికి కబురే లేదు. అయినా నోటికి వచ్చిన మాట అదే. "శివన్న చూస్తాండాడక్కా. ఇంగొక అరగంట."

"సిలిండరు సగానికి పడిపోయినాదప్పా. ఆటోకు చెప్పేదా?"

"ఒద్దులేక్కా. ఈ ఎండలో బావను యాడ తిప్పుతావు? వచ్చేసినట్లే."

ఒంటి గంట దాటాక శివన్న ఫోను చేశాడు. పగిలిన పింగాణీ ఒకటి దొరికింది, మారుస్తున్నాడు. వీరేష్ తనే వెంకటేశ్వరమ్మకు ఫోను చేసి చెప్పాడు. అతని గొంతులో కాస్త సంతోషం కూడా ఉంది. ఒంటిగంటన్నరకు శివన్న కిందికి దిగి, బ్రేకరు వేయమన్నాడు. వీరేష్ వేశాడు. నిలవలేదు. ఇంకెక్కడో ఇంకో దెబ్బ ఉంది.

మళ్ళీ ఫోను మోగింది. ఈసారి ఆమె ఎంతసేపని అడగలేదు. "సిలిండరు అయిపోయినాది వీరేషా," అంది. వెనక గిడ్డయ్య ఊపిరి తీస్తున్న చప్పుడు ఫోనులోంచి వినిపించింది. ఎండిన తాటాకు ఈడ్చినట్టు ఉంది. వీరేష్ ఆటోవాళ్ళకు తనే ఫోన్లు చేశాడు. నూటెనిమిదికి చేశాడు, బండి ఎక్కడో దూరంగా ఉందన్నారు. ఊళ్ళో ఒక ఆటో మిరపకాయల బస్తాలతో పోయింది, ఇంకొకటి దొరికేసరికి రెండు దాటింది.

ఆ ఆటో సబ్‌స్టేషన్ ముందు నుంచే ఆలూరు పోవాలి. వీరేష్ గేటు దగ్గర నిలబడ్డాడు. దుమ్ము లేపుకుంటూ వచ్చిన ఆటో అతన్ని చూసి ఆగింది. ఆపమని వీరేష్ చెయ్యెత్తలేదు. డ్రైవరే ఆపాడు. వెనక సీట్లో గిడ్డయ్య తల వెంకటేశ్వరమ్మ ఒళ్ళో ఉంది. గోళ్ళు నల్లగా మారిపోయాయి. ముక్కుకు పెట్టిన గొట్టం అట్లాగే ఉంది, రెండో కొస ఖాళీ సిలిండరుకు తగిలించి ఉంది.

"కరెంటు వచ్చినాదా?" అని అడిగింది ఆమె.

"లేదక్కా."

ఆమె మొగుడి కళ్ళు మూసింది. వీరేష్‌కు అప్పుడు అర్థమైంది. డ్రైవరుకు అంతకు ముందే అర్థమైనట్టుంది, తలకు చుట్టుకున్న తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. చాలాసేపటికి ఆటోను ఊరి దిక్కు తిప్పాడు.

మూడూ యాభైకి కరెంటు వచ్చింది.

గిడ్డయ్యను మట్టిచేసిన మరుసటి రోజు భూపేష్ వచ్చాడు. ఎక్కడా కూర్చోలేదు. "శానా బాధయినాది వీరేషప్పా," అన్నాడు. నిజంగానే అన్నాడు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. లాగ్‌బుక్కు వైపు చూసి, "ఒకేసారి నాలుగు గంటల పది నిమిషాలు. మనిషి పోయిన దినం. ఇది బ్రేక్‌డౌన్ అని పోతే ఎంక్వయిరీ పడతాది. నేను, నువ్వు, శివన్న, ముగ్గురమూ పోతాం," అన్నాడు.

ఎల్‌సీ నంబరు ఒక చీటీ మీద రాసిచ్చాడు. వీరేష్ లాగ్‌బుక్కు తెరిచి, ఆ తేదీ ఎదురుగా, 'ముందుగా ప్రకటించిన మరమ్మతు' అని రాశాడు. చెయ్యి వణకలేదు. ప్రతి అక్షరమూ ఎప్పటిలాగే గుండ్రంగా పడింది. ఆ తర్వాత చాలా రోజులు అన్నం ముందు కూర్చున్నప్పుడల్లా ఆ సంగతి గుర్తుకొచ్చి ముద్ద దిగేది కాదు. మనిషి పోయినందుకు కంటే, చెయ్యి వణకనందుకు.

గిడ్డయ్యకు ఒక్కతే కూతురు, భువన. కడపలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది. దినాలకు వచ్చిన పిల్ల తల్లి ఫోను తీసుకొని, సబ్‌స్టేషన్‌కు చేసిన కాల్స్ అన్నీ, తేదీ, టైముతో సహా ఒక నోట్‌బుక్కులో ఎక్కించుకుంది. అప్పటికి ఎందుకో ఆమెకూ తెలియదు. డిసెంబరులో కర్నూలులో బహిరంగ విచారణ జరుగుతుందని పేపర్లో ప్రకటన పడింది. ఆ నోట్‌బుక్కు ముందు పెట్టుకొని అర్జీ రాసి పంపింది. ఒక ఆదివారం వీరేష్ ఇంటికి వచ్చింది.

"మామా, మీ రిజిస్టరులో ఏం రాసుకున్నారో మాకు చూపీయరంట. నువ్వు వచ్చి చెప్తావా, ఎన్నిసార్లు పోయినాదో?"

వీరేష్ భార్య సుజన వంటింటి గడపలో నిలబడి అతని మొహం చూస్తోంది.

"చూస్తానమ్మా," అన్నాడు వీరేష్. ఆ 'చూస్తాను'కు అర్థమేమిటో ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

విచారణ రోజు వీరేష్ కర్నూలు వెళ్ళింది భూపేష్ జీపులోనే. దారి పొడుగునా భూపేష్ ఒకటికి రెండుసార్లు చెప్పాడు. "అడిగితేనే లేచి నిలబడు. రిజిస్టరులో రాసింది నీదేనా అంటే నాదే అను. ఎల్‌సీ తీసుకున్నారా అంటే తీసుకున్నామను. అంతకు మించి ఒక్క మాట వద్దు." వీరేష్ సరేనన్నాడు. అప్పటికి అతని మనసులోనూ అంతకు మించి లేదు.

హాల్లో వందమంది దాకా ఉన్నారు. వేదిక మీద విచారణ సంఘం అధ్యక్షుడు దావీదురాజు కూర్చున్నాడు. ఒకప్పుడు ఆయనా ఇంజినీరే, రిటైరై చాలా ఏళ్ళయింది. ఎడమ వైపు కుర్చీలు అధికారులవి, కుడి వైపువి జనానివి. కల్లూరు నుంచి చిన్న మిల్లుల వాళ్ళు వచ్చి మోటార్లు కాలిపోతున్నాయని చెప్పుకున్నారు. మధ్యాహ్నం దాటాక తొగరిహాళు పేరు పిలిచారు.

భువన లేచి నోట్‌బుక్కు తెరిచింది. గొంతు మొదట పీలగా వచ్చింది, తర్వాత నిలదొక్కుకుంది. జూన్ నుంచి మే దాకా తన తల్లి ఎన్నిసార్లు ఫోను చేసిందో చదివింది. నూట అరవై మూడు సార్లు. చివర మే పద్నాలుగు గురించి చెప్పింది. "ముందే చాటింపు వేసి ఆపినామని శాఖవాళ్ళు జవాబు పంపినారు సార్. మా ఊళ్ళో ఎవరూ చాటింపు వినలేదు. మా నాయన ఆ నాలుగు గంటల్లో చచ్చిపోయినాడు." అంతకంటే చెప్పలేక కూర్చుండిపోయింది. వెంకటేశ్వరమ్మ పక్కనే కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఉంది.

దావీదురాజు ముందున్న కాగితాలు తిరగేశాడు. కళ్ళద్దాలు సర్దుకొని పైకి చదివాడు.

"తొగరిహాళు ఫీడరు. అంతరాయం సగటున నెలకు మూడు గంటల పది నిమిషాలు. జిల్లాలోని మెరుగైన ఫీడర్లలో ఒకటి. ప్రతిపాదనలో ఉన్న రెండో లైను అవసరం లేదని భావించి, ఈ ఏడాది ప్రణాళిక నుంచి తొలగించడమైనది."

వీరేష్‌కు మొదట వినిపించింది అర్థం కాలేదు. ప్రతిపాదనలో ఉన్న రెండో లైను. తమ ఊరికి రెండో లైను ఎవరో ఎప్పుడో కాగితం మీద పెట్టారన్న సంగతే అతనికి తెలియదు. పెట్టిన లైనును మళ్ళీ కొట్టేశారు. ఆ మూడు గంటల పది నిమిషాలు ఎక్కడి నుంచి వచ్చాయో ఆ హాల్లో అందరికంటే అతనికే బాగా తెలుసు. కాగితమే కదా అనుకున్నాడు. ఆ కాగితమే లైను కొట్టేసింది.

"ఈ రిజిస్టరు రాసిన ఆపరేటరు వచ్చినాడా?" అన్నాడు దావీదురాజు.

భూపేష్ మోచేత్తో పొడిచాడు. వీరేష్ లేచి నిలబడ్డాడు.

"ఈ రాత మీదేనా?"

"నాదే సార్."

"మే పద్నాలుగున మరమ్మతుకు ముందే అనుమతి తీసుకున్నారా?"

కుడివైపు వరసలోంచి వెంకటేశ్వరమ్మ తల తిప్పి అతన్ని చూసింది. ఆ చూపులో అడగడం లేదు, బతిమాలడమూ లేదు.

"లేదు సార్. అది అబద్ధం."

హాలు ఒక్కసారి గుసగుసలాడి ఆగింది. పక్కన భూపేష్ కుర్చీ అంచు పట్టుకోవడం వీరేష్‌కు కనిపించింది.

"ఆ ఒక్క దినమేనా?"

"శానా దినాలు సార్. పోయిన ఏడాది జూన్ నుంచి. మొదటి నెల నిజం రాస్తే ముప్పై నాలుగు గంటలు వచ్చినాది. దాన్ని మార్చి రాసినా. ఆమీద నెలలన్నీ అట్లనే రాసినా."

"ఎవరు రాయమన్నారు?"

"ఏఈ సారు చెప్పినాడు. ఆయనకు పైనోళ్ళు చెప్పినారు. ఎవరు మొదలుపెట్టినారో నాకు తెల్దు సార్. రాసింది మటుకు నేను."

దావీదురాజు ఆ మాటలన్నీ రికార్డులో ఎక్కించమని గుమాస్తాకు చెప్పి, తర్వాతి ఊరి పేరు పిలిచాడు.

సాయంత్రం వీరేష్ జీపు కోసం చూడలేదు. బస్టాండుకు నడిచిపోయాడు. ఆలూరు బస్సు దగ్గర తల్లీకూతుళ్ళు నిలబడి ఉన్నారు. భువన అతన్ని చూసి, "బాగా చెప్పినావు మామా," అంది. వెంకటేశ్వరమ్మ బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంది. బస్సు కదిలి ఊరు దాటాక, అతను వెనక సీట్లోంచి ముందుకు వంగి, "అక్కా, నేను రాసినందుకే..." అని మొదలుపెట్టాడు.

ఆమె కిటికీలోంచి మొహం తిప్పలేదు.

"రిజిస్టరులో నువ్వు ఏం రాసినావో నాకు పట్టదు వీరేషా. అవి నాకు చదివేకి రావు. ఆ పొద్దు ఎంతసేపు అని అడిగితే, తెల్దక్కా అనింటే సాలు. పన్నెండు గంటలకే ఆటో పిలుచుకునేదాన్ని."

వీరేష్ వెనక్కి ఒరిగాడు.

జనవరిలో అతని కాంట్రాక్టు పొడిగించలేదు. భూపేష్‌ను సస్పెండ్ చేసి, మూడు నెలలకు వేరే జిల్లాలో ఏదో స్టోర్సుకు వేశారు. డీఈ ఎక్కడివాడు అక్కడే ఉన్నాడు. వీరేష్ స్థానంలో వచ్చిన కొత్త ఆపరేటరు భయపడి ప్రతి నిమిషమూ రాయడం మొదలుపెట్టాడు. ఆ నెల తొగరిహాళు లెక్క ముప్పై ఒక్క గంటలకు పోయింది. వీరేష్ వెళ్ళిపోయాకే లైను చెడిందని ఆఫీసులో కొందరు నిజంగానే నమ్మారు. వీరేష్ వారానికి ఆరు రోజులు కల్లూరులోనే ఉండి ఒక మోటార్ల రిపేరు షాపులో కాయిల్స్ చుట్టసాగాడు. సుజన ఏడవలేదు, తిట్టలేదు. కూలికి పోయేవాళ్ళతో తనూ కలిసి మిరప చేలకు పోవడం మొదలుపెట్టింది.

విచారణ సంఘం ఉత్తర్వు మార్చి నెలాఖరుకు వచ్చింది. తొగరిహాళు బలహీన ఫీడర్ల జాబితాలోకి ఎక్కింది. రెండో లైను వచ్చే ఏడాది ప్రణాళికలో ఉంటుందన్నారు. అన్నట్టే మరుసటి జూన్‌లో సర్వేవాళ్ళు వచ్చి గుర్తులు పెట్టారు. గిడ్డయ్య పోయి అప్పటికి ఏడాది దాటింది. ఒక స్తంభం వెంకటేశ్వరమ్మ ఎకరన్నర చేన్లో పడింది. ఆమె ఒప్పుకోదని ఊళ్ళో అందరూ అనుకున్నారు. పెద్దమనుషులు వీరేష్‌కు కబురు పెట్టి, నీ మాటైతే వింటాదేమో పోయి అడుగు అన్నారు. తన మాట వినబట్టే ఏమైందో వాళ్ళకు తెలియక కాదు. వేరే మనిషి దొరకక.

ఆమె చేన్లో ఒంటరిగా గుంటక తోలాక మిగిలిన గడ్డి ఏరుతోంది. వీరేష్ గట్టు మీద నిలబడ్డాడు. ఏం చెప్పాలో దారంతా అనుకుంటూ వచ్చాడు. ఆమే తలెత్తి చూసింది.

"కంబం కోసం వచ్చినావా?"

"ఊ."

ఆమె కొడవలి కొసతో చేను పల్లాన్ని చూపించింది. "ఆడ రేగడి. రేగట్లో నాటితే మొదటి వానకే ఒరుగుతాది. ఈ గట్టు పక్క ఎర్రమన్ను ఉండాది, ఈడ నాటమని చెప్పు. లోతుగా తీయమను."

"చెప్తానక్కా."

ఆమె మళ్ళీ వంగి పనిలో పడింది. వీరేష్ ఇంకా కొంతసేపు నిలబడ్డాడు. ఎండ నడినెత్తికి వచ్చింది. గట్టు మీద చెట్టునీడన ఆమె నీళ్ళ బిందె ఉంది, మీద చెంబు బోర్లించి ఉంది. ఆ ఊళ్ళో చేనికొచ్చిన మనిషిని నీళ్ళు తాగి పో అనకుండా ఎవరూ పంపరు. వెంకటేశ్వరమ్మ అనలేదు. అతను సర్వేవాళ్ళు ఉన్న దిక్కుకు నడిచి, ఆమె చెప్పిన చోటు చూపించి, అక్కడ లోతుగా తవ్వమని చెప్పాడు.